పెంపుడు జంతువులకు పౌరసత్వం ఇస్తే ఆచరణలో ఏం మారుతుంది?

ప్రశ్న

పెంపుడు జంతువులంటే కుక్క, పిల్లి మాత్రమే కాదు, ఆవు, గొర్రె, కోడి, గుర్రం, పంది కూడా. వేల ఏళ్లుగా వీటిని మచ్చిక చేసి, మన మీదే ఆధారపడి బతికేలా మార్చింది మనమే. కెనడా రచయిత సూ డొనాల్డ్‌సన్, తత్వవేత్త విల్ కిమ్లికా 2011లో ఒక వాదన ముందుకు తెచ్చారు. అడవి జంతువులు తమ నేలను తామే ఏలుకునే జాతుల్లాంటివి, ఊళ్లలో మన చుట్టూ తిరిగే పావురం, ఉడుత లాంటివి నివాసులు, పెంపుడు జంతువులు మాత్రం పౌరులు అని. నా చిక్కంతా ఆ చివరి మాట దగ్గరే. ఓటు వెయ్యలేని, సంతకం పెట్టలేని జీవికి సభ్యత్వం అంటే ఏమిటి? హింసను నిషేధించే చట్టాలు ఎలాగూ ఉన్నాయి కదా, వాటికి మించి ఇది ఇచ్చేదేమిటి? చట్టం, జంతు ప్రవర్తన, పెంపకం తెలిసినవారు వివరంగా చెప్పండి.

జవాబు 1 (చట్టం వైపు నుంచి)

‘జంతువు వస్తువు కాదు’ అని రాసుకోవడం వేరు, జంతువుకు హక్కు ఉండటం వేరు. ఆస్ట్రియా 1988లో, జర్మనీ 1990లో తమ పౌర చట్టాల్లో ‘జంతువులు వస్తువులు కావు’ అని రాశాయి. కానీ వేరే నిబంధన లేని చోట వస్తువుల నియమాలే వర్తిస్తాయని అక్కడే చేర్చాయి. ఫ్రాన్స్ 2015లో జంతువులను అనుభూతి ఉన్న జీవులుగా గుర్తించింది. ఆ వెంటనే ఆస్తి నియమాల కిందే ఉంచింది. మొదటి వాక్యం ఇచ్చిన దాన్ని రెండో వాక్యం వెనక్కి తీసుకుంది.

హక్కు నిజంగా ఉందో లేదో తేల్చడానికి అమెరికా న్యాయశాస్త్ర ఆచార్యుడు క్రిస్టఫర్ స్టోన్ 1972లో ప్రకృతి విషయంలో పెట్టిన మూడు పరీక్షలు ఇప్పటికీ పనికొస్తాయి. దాని పేరుతో దావా వెయ్యవచ్చా? కోర్టు దానికి జరిగిన నష్టాన్నే లెక్కలోకి తీసుకుంటుందా? వచ్చిన పరిహారం దానికే చేరుతుందా? హింసా నిరోధక చట్టాలు సాధారణంగా ఈ మూడింట్లోనూ నిలబడవు. ఆ కేసు ప్రభుత్వానికీ నిందితుడికీ మధ్య నడిచేది. దెబ్బ తిన్న జంతువు అందులో కక్షిదారు కాదు, సాక్ష్యం.

అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో నడిచిన ఒక కేసులో ఇది కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. తిండి లేక చిక్కిపోయిన ఒక గుర్రం విషయంలో యజమాని నేరం ఒప్పుకోవడం అయిపోయింది. కానీ ఆ గుర్రానికి బతికినంత కాలం వైద్యం కావాలి. ఆ ఖర్చు కోసం 2018లో గుర్రం పేరుతోనే దావా వేశారు. గుర్రానికి దావా వేసే అర్హత లేదని కోర్టు కొట్టేసింది, 2022లో అప్పీలు కోర్టు కూడా అదే ఖాయం చేసింది. నేరానికి శిక్ష పడినా, బాధ పడిన ప్రాణి తన అవసరం కోసం కోర్టు గడప ఎక్కలేకపోయింది. సభ్యత్వం ఇచ్చే మొదటి అదనం ఈ అర్హతే.

దీనికి కొత్త సిద్ధాంతమేమీ అక్కర్లేదు. కంపెనీ సంతకం పెట్టదు, పసిబిడ్డ వాదించదు, అయినా ఇద్దరికీ హక్కులున్నాయి, తరఫున మాట్లాడేవాళ్లున్నారు. అమెరికాలో జంతువు పోషణ కోసం ట్రస్టు పెట్టే వీలు ఇప్పటికే ఉంది. 2000 నాటి నమూనా ట్రస్టు చట్టం దానికి ఒక రూపం ఇచ్చింది. అందులో ముగ్గురిని వేరువేరుగా పెట్టుకోవడం మంచిది: డబ్బు చూసేవారు, జంతువును సాకేవారు, ఈ ఇద్దరూ తప్పు చేస్తే కోర్టుకు వెళ్లగలిగేవారు. బెడిసికొట్టేది సాధారణంగా రెండు చోట్ల. జంతువు పోయాక మిగిలిన డబ్బు సాకేవారికే వచ్చేలా రాస్తే, అది ఎంత త్వరగా పోతే వారికి అంత లాభం. జంతువు గుర్తింపు సరిగా రాయకపోతే, అది చనిపోయినా అదే రంగు ఇంకో జంతువును చూపించి డబ్బు తీసుకుంటూ ఉండవచ్చు. అందుకే జంతువు చర్మం కింద పెట్టే మైక్రోచిప్‌లోని 15 అంకెల నంబరును పత్రంలోనే రాయాలి, డీఎన్ఏ నమూనా కూడా దాచి ఉంచాలి.

జవాబు 2 (జంతు ప్రవర్తన వైపు నుంచి)

పై జవాబుతో ఏకీభవిస్తూనే ఒక మాట. తరఫున మాట్లాడేవారికి ఆ జంతువు ఏం చెబుతోందో చదవడం రాకపోతే, వారు చెప్పేది తమ అభిప్రాయమే అవుతుంది.

జంతువును అడగవచ్చు. నార్వేలో 23 గుర్రాలకు మూడు పలకలు నేర్పారు, 2016లో ఆ ఫలితాలు ప్రచురించారు. అడ్డగీత ఉన్న పలకను మూతితో తాకితే ఒంటిమీద దుప్పటి కప్పాలి, నిలువు గీతను తాకితే తీసేయాలి, ఖాళీ పలకను తాకితే ఎలా ఉన్నది అలాగే ఉంచాలి. రోజుకు 10, 15 నిమిషాల శిక్షణతో రెండు వారాల్లో అన్నీ నేర్చుకున్నాయి. వానా చలిగాలీ ఉన్న రోజు కప్పమన్నాయి, ఎండ కాసిన రోజు తీసేయమన్నాయి. ఇది బహుమతి కోసం చేసిన విన్యాసం అనుకోవడానికి వీల్లేదు, ఏ పలకను తాకినా దక్కే తినుబండారం ఒకటే.

కుక్కతో అయితే మూడు నాలుగు సెకన్లు నిమిరి చెయ్యి వెనక్కి తీసుకోండి. తనంతట తానే దగ్గరకు జరిగితే సరేనన్నట్టు. తల పక్కకు తిప్పినా, పెదాలు నాక్కున్నా, కనుగుడ్డు తెల్లభాగం కనిపించేలా ఓరగా చూసినా వద్దన్నట్టు. ఎక్కువమంది పొరబడేది రెండింటి దగ్గర. తోక ఊపడం ఒప్పుకోలు కాదు, అది ఉద్రేకానికి గుర్తు మాత్రమే. కదలకుండా బిగుసుకుపోయిందంటే అది ఓర్పు కాదు, భయం.

నొప్పి సంగతికొస్తే, పిల్లులకు 2019లో ముఖ కవళికల కొలమానం వచ్చింది. చెవుల తీరు, కళ్లు ముడుచుకోవడం, మూతి బిగువు, మీసాల వంపు, తల వాలు, ఈ ఐదింటికీ 0 నుంచి 2 వరకు మార్కులు. మొత్తం 10లో 4 వచ్చినా, దాటినా నొప్పి మందు ఇవ్వడం గురించి ఆలోచించాలి. ముట్టుకోకుండా 30 సెకన్లు చూసి ఈ మార్కులు వేయాలి. నిద్రపోతున్నప్పుడు, తింటున్నప్పుడు, ఒళ్లు నాక్కుంటున్నప్పుడు, అరుస్తున్నప్పుడు వేస్తే లెక్క తప్పుతుంది. సంరక్షకుడు తనిఖీకి వెళ్లి ‘బాగానే ఉంది’ అని రాసే కంటే ఇలాంటి అంకె రాస్తే, వచ్చే నెల పరిస్థితితో పోల్చి చూడవచ్చు.

అడిగిందల్లా ఇవ్వాలని కాదు. చాక్లెట్ కుక్కకు విషం, అయినా దొరికితే తింటుంది. ఇష్టాన్నీ మేలునూ వేరుచేసి చూడటం పిల్లల సంరక్షకులు రోజూ చేసే పనే.

అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. మరి గుడ్లు, ఉన్ని, పాలు? పౌరుల దగ్గర నుంచి ఇవి తీసుకోవచ్చా?

జవాబు 3 (పెంపకం వైపు నుంచి)

మూడింటికీ ఒకే జవాబు లేదండి.

గొర్రె సులువు. ఉన్ని కోసం పెంచిన జాతులు బొచ్చును తమంతట తాము రాల్చుకోలేవు. ఏడాదికోసారైనా కత్తిరించకపోతే వేడికి తాళలేవు, తడిసి మురికైన ఉన్నిలో ఈగలు గుడ్లు పెట్టి, పురుగులు చర్మాన్ని తినేస్తాయి. కాబట్టి కత్తిరింపు దానికి అందాల్సిన సేవ, ఉన్ని ఆ సేవలో మిగిలేది. కానీ ఇంకా ఎక్కువ ఉన్ని రావాలని చర్మం ముడతలు పడేలా సంతతిని ఎంచుకుంటూ పోతే అది సేవ కాదు.

కోడి దగ్గర అసలు కష్టం. అడవి కోడి ఏడాదికి 10, 15 గుడ్లు పెడుతుంది. గుడ్ల కోసం తయారుచేసిన జాతులు 300 దాకా పెడతాయి. ఒక్కో పెంకుకు 2 గ్రాముల పైగా కాల్షియం కావాలి, మేత నుంచి చాలకపోతే ఎముకల నుంచి పోతుంది. అందుకే వాటి రొమ్ము ఎముక విరగడం అంత మామూలైపోయింది. పంజరం తీసేసి, విశాలమైన పాక కట్టి, ‘ఇప్పుడిది పౌరురాలు’ అంటే సరిపోదు. గాయం దాని శరీరంలోనే ఉంది. హక్కు ఇవ్వాలంటే అది పుట్టకముందే మొదలుపెట్టాలి, అంటే ఎలాంటి శరీరంతో పుట్టించవచ్చో చట్టం చెప్పాలి. నెదర్లాండ్స్ కుక్కల విషయంలో ఆ దారి పట్టింది. మూతి పొడవు పుర్రె పొడవులో మూడో వంతు కన్నా తక్కువున్న కుక్కలను సంతానానికి వాడకూడదని 2019లో కొలతతో సహా చెప్పింది, ఎందుకంటే అవి ఊపిరికే అల్లాడతాయి. ఏడాదికి ఇన్ని గుడ్లకు మించి పెట్టే సంతతిని పుట్టించకూడదనీ అలాగే రాయవచ్చు.

పాలు అన్నిటికన్నా కష్టం. ఈనకుండా పాలు రావు. పుట్టిన మగదూడ కూడా పౌరుడే, 20 ఏళ్లు బతకగలడు. ఆ బాధ్యత మోయకుండా పాలు మాత్రం తీసుకుంటామనడం కుదరదు. చంపడం గురించి కూడా దాటవేయకుండా చెప్పాలి. సభ్యత్వం ఒప్పుకుంటే మాంసం కోసం వధ ఆగాల్సిందే. అది వద్దనుకునేవాళ్లు మెరుగైన సంక్షేమ చట్టం అడగవచ్చు, కానీ దానికి పౌరసత్వం అని పేరు పెట్టకూడదు.

జవాబు 4

అమెరికా న్యాయశాస్త్ర ఆచార్యుడు గ్యారీ ఫ్రాన్సియోన్ వాదన కూడా చూడండి. ఆస్తి కాకుండా ఉండే హక్కు ఒక్కటి చాలు, మన మీదే ఆధారపడి బతికేలా జంతువులను పెంచడమే తప్పు, కాబట్టి ఇప్పుడున్న వాటిని చివరిదాకా సాకి, కొత్తవాటిని పుట్టించడం మానెయ్యాలి అంటారాయన. జవాబు 3లో చెప్పిన కోడి గురించి చదివితే నాకు అదే సరి అనిపిస్తోంది.

జవాబు 1 రాసినవారు

ఆ కోడి విషయంలో నాకూ అదే సరి. కానీ గొర్రె, కుక్క, గుర్రం మనతో బాగానే బతకగలవు. ఆధారపడటమే అవమానం అయితే పసిబిడ్డలూ, మంచాన పడ్డ ముసలివాళ్లూ పౌరులు కాకుండా పోతారు. ఒక గొడ్డూ ఇకపై పుట్టకూడదని మనమే నిర్ణయించడం కూడా వాటిని అడగకుండా చేసే నిర్ణయమే.

మొదట ఏది మార్చాలంటే, యజమానికి సంబంధం లేని ప్రతినిధి. స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్ ప్రాంతంలో 1990ల నుంచి హింస కేసుల్లో జంతువుల తరఫున న్యాయవాది ఉండేవారు. దాన్ని దేశమంతటా పెడదామా అని 2010లో ఓటింగ్ పెడితే 70 శాతం మంది వద్దన్నారు. మళ్లీ అడిగేవాళ్లు ఆ ప్రతినిధికి మూడు అధికారాలు ముందే రాయించుకోవాలి: ముందుగా చెప్పకుండా వెళ్లి జంతువును చూడటం, వైద్య రికార్డులు తెప్పించుకోవడం, కేసు మూసేస్తే అప్పీలు చెయ్యడం. మొదటిది లేకపోతే మిగతా రెండూ కాగితం మీదే ఉంటాయి, ఎందుకంటే గొళ్లెం పెట్టిన తలుపు వెనక ఏం జరుగుతోందో చెప్పగల సాక్షి ఆ జంతువు ఒక్కటే.