పూజ జరుగుతుండగా జపమాల చెప్పుకోవచ్చునా?

ప్రశ్న

అందరికీ వందనాలు. మాది పల్నాడు ప్రాంతంలోని ఒక పల్లె, మేము కతోలిక క్రైస్తవులం. నేను హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాను. ఈ తపస్సు కాలంలో (ఈస్టరుకు ముందు వచ్చే ఉపవాస దినాల్లో) ఊరికి వెళ్ళినప్పుడు, ఎనభై ఏళ్ళు దాటిన మా నానమ్మ పక్కన కూర్చుని ఆదివార దివ్యబలిపూజలో పాల్గొన్నాను. పఠనాలు చదువుతున్నా, గురువులు ప్రసంగం చెబుతున్నా ఆమె చేతిలో, మరియమాత ప్రార్థనను లెక్కపెట్టుకుంటూ చెప్పే జపమాల పూసలు జరుగుతూనే ఉన్నాయి, పెదవులు కదులుతూనే ఉన్నాయి. పీఠం దగ్గర గంట మోగినప్పుడు మాత్రం ఆమె బొటనవేలు ఉన్న పూస మీదనే ఆగిపోయింది. గురువులు అప్పాన్ని, పాత్రను ఎత్తి చూపినంతసేపూ ఆమె కళ్ళు పీఠం మీదనే ఉన్నాయి. తరువాత అదే పూస నుంచి మళ్ళీ మొదలుపెట్టింది.

మరొక సంఘానికి చెందిన నా మిత్రుడు మత్తయి సువార్త 6:7 చూపించి, జపమాల అంటే యేసు వద్దన్న వ్యర్థమైన మాటలేనని అంటున్నాడు. నా సంగతి చెప్పాలంటే, ప్రార్థనా కూటమిలో నలుగురితో కలిసి గొంతెత్తి స్తుతించగలను గానీ, ఒంటరిగా కూర్చుంటే ఒక్క మాట రాదు. పూజ, జపమాల, స్తుతి, మౌనం, వీటిలో ఏది దేనికోసం? నానమ్మ చేస్తున్నది తప్పా?

సమాధానం 1

బాబూ, నేను ముప్పై ఏళ్ళు ఉపదేశిగా (విశ్వాస బోధ చేసేవాడిగా) పనిచేసినవాడిని. ముందుగా నానమ్మగారి అలవాటు ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకుంటే ఆమెను తప్పుపట్టాలని మీకు అనిపించదు. ఆమె బాల్యంలో పూజ లతీను భాషలో జరిగేది. గురువులు పీఠం వైపు తిరిగి మెల్లగా చదివే ప్రార్థనలు జనానికి వినిపించేవి కావు, వినిపించినా అర్థమయ్యేవి కావు. అందుకే వారు తమకు కంఠతా వచ్చిన జపమాలను పట్టుకున్నారు, గంట మోగినప్పుడు తలెత్తి చూశారు. మా అమ్మ కూడా చివరి వరకు ‘పూజ చూసి వచ్చాను’ అనే అనేది. 1963 డిసెంబరు 4న రెండవ వాటికన్ మహాసభ (ప్రపంచ కతోలిక పీఠాధిపతుల సమావేశం) దైవార్చన, అంటే పూజ వంటి సభ ఉమ్మడి ఆరాధన, గురించిన శాసనాన్ని వెలువరించి, విశ్వాసులందరూ ఎరుకతో, చురుకుగా పాల్గొనాలని కోరింది. పూజ మన తెలుగులోకి వచ్చింది గానీ, చిన్ననాట వేళ్ళకు పట్టిన అలవాటు అంత త్వరగా పోదు.

అయినా, అడిగారు కనుక శ్రీసభ (కతోలిక సంఘం) బోధ ఏమిటో దాచకుండా చెప్పాలి. దైవార్చన జరుగుతుండగా జపమాల చెప్పుకోవడం పొరపాటని జగద్గురువులు (పోపు) 6వ పౌలు 1974లో మరియమాత భక్తిపై రాసిన ప్రబోధ పత్రంలో స్పష్టంగా అన్నారు. జపమాల తక్కువదని దీని అర్థం కాదు. పూజ ఎవరికి వారు చేసుకునే ప్రార్థన కాదు; క్రీస్తు తన సభతో కలిసి తండ్రికి అర్పించే బలి. వాక్యం చదివేటప్పుడు మాట్లాడేది దేవుడు, కనుక అప్పుడు వినడమే మన ప్రార్థన అవుతుంది.

ఆ పత్రంలోనే మరొక మాట ఉంది: ధ్యానం లేని జపమాల ఆత్మ లేని శరీరం వంటిది. నాకు ఇదే ముఖ్యంగా తోస్తుంది, ఎందుకంటే గంట మోగగానే ఆగిన ఆ బొటనవేలికి ఎప్పుడు ఆగాలో తెలుసు. దయచేసి ఆమె చేతిలోని మాల తీసుకోవద్దు. పూజకు అరగంట ముందే గుడికి వెళ్ళి, ఇద్దరూ కలిసి జపమాల ముగించండి. అయిదు దేవరహస్యాలకు (జపమాలలో ధ్యానించే యేసు, మరియమ్మల జీవిత ఘట్టాలకు) ఇరవై నిమిషాలు చాలు.

సమాధానం 2

తమ్ముడూ, మీ మిత్రుడు చూపిన వచనం గురించి మాత్రం చెబుతాను. యేసు వారించింది ఎక్కువ మాటలు పలికితే దేవుడు లొంగుతాడనే నమ్మకాన్ని. గెత్సెమనె తోటలో ఆయనే మూడవసారి కూడా అవే మాటలతో ప్రార్థించాడని మత్తయి 26:44 చెబుతోంది. బైబిలులోని 136వ కీర్తనలో 26 వచనాలలోనూ ఒకే పల్లవి వస్తుంది. మఠవాసులు చెప్పే 150 కీర్తనలకు బదులుగా, చదువురాని జనం 150 మంగళవార్త జపాలు (జపమాలలో పూసకొకటిగా మరియమాతకు చెప్పే ప్రార్థన) చెప్పుకున్నారు. అందుకే జపమాలకు మరియమాత కీర్తనల గ్రంథమనే పేరు కూడా ఉంది.

మా అమ్మ ఆసుపత్రిలో చివరి రోజుల్లో ఉన్నప్పుడు నా సొంత మాటలు ఒక్కటీ రాలేదు. మంగళవార్త జపం చివర వచ్చే ‘ఇప్పుడును మా మరణ సమయమందును ప్రార్థించండి’ అన్నది మాత్రం నోటికి వచ్చింది. చిన్నప్పటి నుంచి వేల సార్లు అప్పగించిన ఆ మాటలో ‘ఇప్పుడు’, ‘మరణ సమయం’ అనే రెండు ఘడియలు పక్కపక్కనే ఉన్నాయని ఆ రాత్రే గమనించాను. వల్లించినది వ్యర్థమని నేను ఎన్నటికీ అనలేను.

సమాధానం 3

పై ఇద్దరితోనూ ఏకీభవిస్తున్నాను గానీ, పరిశీలన వృద్ధుల దగ్గరే ఆగిపోకూడదు. కూటమిలో అంత గట్టిగా స్తుతించే మనం, పూజలో దివ్యసత్ప్రసాద ప్రార్థన (అప్పాన్ని, పాత్రను అర్పిస్తూ గురువులు చెప్పే ప్రధాన ప్రార్థన) ముగింపున, సభ అంతా గొంతెత్తవలసిన ‘ఆమెన్’ను పెదవి దాటకుండా పలుకుతున్నాము. ఇది నాకు బాధ కలిగిస్తోంది.

ఒంటరిగా మాట రాదన్నారు కదా. 1992లో వెలువడిన కతోలిక శ్రీసభ సత్యోపదేశం (సభ బోధలన్నిటినీ కూర్చిన గ్రంథం) నాలుగవ భాగమంతా ప్రార్థన గురించే. అందులో వాచిక ప్రార్థన, ధ్యానం, మౌనంగా దేవుని సన్నిధిలో నిలవడం అనే మూడు తీరులను వివరించారు. ఇవి పై తరగతి, కింది తరగతి కావు. నోటితో చెప్పే జపం తప్ప మరొకటి రాదని దిగులుపడిన ఒక వృద్ధురాలు, యేసు నేర్పిన పరలోక జపం చెప్పుకుంటూనే లోతైన దైవదర్శన ప్రార్థనకు చేరిందని 16వ శతాబ్దపు స్పెయిను సన్యాసిని అవిలాపురి పునీత తెరేసమ్మ రాసింది. కాబట్టి మాటలు రానప్పుడు ఆదివారం సువిశేషాన్ని (సువార్త పఠనాన్ని) మెల్లగా రెండుసార్లు చదవండి, మిమ్మల్ని ఆపిన వాక్యం దగ్గర ఆగండి. ఏమీ చెప్పాలనిపించకపోతే పది నిమిషాలు ఊరికే కూర్చోండి.

ప్రశ్న వేసినవారు

అందరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి నానమ్మకు ఫోను చేసి, వచ్చే ఆదివారం పూజకు ముందే జపమాల ముగిద్దామా అని అడిగాను. మంగళవార్త జపం మొదటి సగం నేను చెబితే, రెండవ సగం తాను అందుకుంటానని ఒప్పుకుంది. పూజ ఏడు గంటలకు. ఆరున్నరకే గుడికి వెళ్తాము.