ఫాగ్ ల్యాంపులకు రిలే తప్పనిసరా?

పాడేరు బొలెరో: చలికాలంలో తెల్లవారుజామున లంబసింగి, పాడేరు ఘాట్ మీద తిరిగే బండి నాది. మంచు దిగితే ముందు ఏముందో కనపడదు. 55 వాట్ల ఫాగ్ ల్యాంపులు రెండు కొన్నాను. మా ఎలక్ట్రీషియన్ హెడ్‌లైట్ వైరులోంచే కనెక్షన్ ఇస్తా, రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్ చేసే స్విచ్) దండగ అంటున్నాడు. ఇప్పించుకోవచ్చా?

వైరింగ్ తాత: వద్దు బాబూ. రెండూ కలిపి 110 వాట్లు, 12 వోల్టులకు తొమ్మిది ఆంపియర్ల పైమాటే. ఆ పాత వైరు, ఆ స్విచ్ హెడ్‌లైట్ల వరకే లెక్కేసి పెట్టినవి. బ్యాటరీ ప్లస్ నుంచి 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు విడిగా లాగించు, 15 ఆంపియర్ల ఫ్యూజు వేసి రిలే మీద 30 అని రాసున్న పిన్నుకు ఇవ్వమను. 87 పిన్ను నుంచి లైట్లకు, 85 ఎర్తుకు, 86కి స్విచ్ నుంచి సన్న వైరు చాలు. ఫ్యూజు మాత్రం బ్యాటరీకి జానెడు దూరంలోనే ఉండాలి.

షెడ్డు మెకానిక్: ఇరవై ఏళ్లుగా వేస్తున్నా, నా చేతి మీద ఒక్క బండీ కాలలేదు. ఎల్‌ఈడీ 20 వాట్లది రెండు ఆంపియర్లు కూడా లాగదు, దానికి రిలే ఎందుకు?

వైరింగ్ తాత: అతను అడిగింది 55 వాట్లవి. ఎల్‌ఈడీ అయినా ఫ్యూజు కావాలి. దాన్ని లైటు దగ్గర పెట్టి, మధ్యలో వైరు బాడీకి రాసుకుని షార్ట్ అయితే అది ఎగరదు, వైరే కాలుతుంది.

ఘాట్ డ్రైవర్: బానెట్ లోపలి నుంచి వైరు వచ్చే కంతకు రబ్బరు బుష్ వేయించండి. లైట్లు బంపర్ కిందుగా బిగించండి, ఎదురొచ్చేవాడి కళ్లలో కొట్టకూడదు.

షెడ్డు మెకానిక్: తాతగారూ, ఫ్యూజు వద్దని నేను ఎక్కడన్నాను? హెడ్‌లైట్ ఫ్యూజు ఉందిగా.

వైరింగ్ తాత: అది ఎగిరితే ఘాట్‌లో హెడ్‌లైట్లు కూడా ఆరిపోతాయి! మా అల్లుడి కారుకు ఇలాగే అతుకులేసి ఇచ్చారు, వైరు కరిగి డ్యాష్‌బోర్డు దాకా పొగ. కంపెనీ వైరింగ్ కోశారని ఇన్సూరెన్స్ వాళ్లు క్లెయిమ్ ఇవ్వలేదు. మీ షెడ్డు పనులన్నీ ఇంతే.

షెడ్డు మెకానిక్: అంటే బండ్లు తగలబెట్టేది మేమా? రిలే వేస్తే మంచిదని నాకు తెలీదనుకున్నారా? రిలే, వైరు, హోల్డరు, గంటన్నర పని అని రేటు చెప్పగానే "పక్క షెడ్డులో మూడొందలకే వేస్తున్నాడు" అని వెళ్లిపోయేది ఎవరు? కార్ల వాళ్లే! లైట్లకు వేలు పెడతారు, వైరింగ్ దగ్గర బేరం. ఏదన్నా అయితే తప్పు మాది.

వైరింగ్ తాత: రేటు రాకపోతే పని వద్దనాలి. ప్రాణాలతో పని.

షెడ్డు మెకానిక్: రోజుకు నలుగురిని వద్దంటే ఇల్లెట్లా గడుస్తుంది? మీరు చెప్పండి.

ఘాట్ డ్రైవర్: అతను అన్నది నిజం. నేనూ మొదటిసారి అలాగే బేరమాడాను.

పాడేరు బొలెరో: సరే అన్నా, రిలే, ఫ్యూజు హోల్డరు, వైరు నేనే కొని తెస్తా. మావాడికి మజూరీ కూడా ఎక్కువ ఇస్తానని చెప్తా.

షెడ్డు మెకానిక్: పని మొదలుపెట్టక ముందే చెప్పు తమ్ముడూ. సన్న వైరు మాత్రం తేకు.

వైరింగ్ తాత: ఫ్యూజు బ్యాటరీ దగ్గర.