చర్చ: పిచర్ రెండు కాళ్లూ నేల విడిచినా తప్పు కాదట. మరి మా పిల్లలు పోగొట్టుకున్న దాని సంగతి?

ఎడమచేతి నాన్న (చర్చ ప్రారంభించినవారు)

ఇక్కడ సాఫ్ట్‌బాల్ ఆడే అమ్మాయిల తల్లిదండ్రులు ఉన్నారు కాబట్టి సూటిగా అడుగుతున్నాను. అమెరికా కళాశాలల సాఫ్ట్‌బాల్‌లో, అంటే ఎన్‌సీఏఏ పోటీల్లో, 2024 సీజన్ నుంచి పిచర్ (బ్యాటర్‌కు బంతి విసిరే అమ్మాయి) విసిరేటప్పుడు రెండు కాళ్లూ గాల్లో ఉన్నా ఫర్వాలేదు. అంతకుముందు తను నిలబడే రబ్బర్ పలకను తన్ని వచ్చే వెనక కాలు నేలను రాసుకుంటూ రావలసిందే. బొటనవేలు లేచిందా, ఇల్లీగల్ పిచ్. బ్యాటర్‌కు ఉచితంగా ఒక బాల్. అలాంటివి నాలుగైతే బ్యాటర్ కొట్టకుండానే మొదటి బేస్‌కు వెళ్తుంది.

మా అమ్మాయి తొమ్మిదో ఏట నుంచి పిచర్. 2021 వేసవిలో, తనకు పదిహేనేళ్లప్పుడు, ఒక టోర్నమెంట్‌లో అంపైర్ ఒకే ఇన్నింగ్స్‌లో మూడుసార్లు ఇల్లీగల్ అని చేయి చాచాడు. కోచ్ మైదానంలోకి వచ్చి తన చేతిలోని బంతి తీసి ఇంకో అమ్మాయికి ఇచ్చాడు. ఆ రోజు గ్యాలరీలో ఇద్దరు కళాశాల కోచ్‌లు ఉన్నారు. హైస్కూల్ జూనియర్ ఏడాది, అంటే పదకొండో తరగతి, సెప్టెంబరు 1 దాకా వాళ్లు పిల్లలతో మాట్లాడకూడదు, 2018లో పెట్టిన నియమం అది. చూడకూడదని ఎక్కడా లేదు కదా. చూశారు.

తరువాత రెండేళ్లు కాలు ఈడ్వడమే చదువైంది. వారానికి రెండు పాఠాలు, గంటకు డెబ్బై డాలర్లు. బూటు ముందు అతికించే ప్లాస్టిక్ తొడుగులు ఎన్ని కొన్నానో లెక్క లేదు. కాలు నేలకు అంటుకుంది, వేగం గంటకు 61 మైళ్ల నుంచి 57కు పడింది. ఏ కళాశాల నుంచీ పిలుపు రాలేదు. తను హైస్కూల్ ముగించిన అదే వసంతంలో టీవీలో చూస్తే కళాశాల పిచర్లు హాయిగా గాల్లో తేలుతున్నారు. నియమం తప్పినవాళ్లకు బహుమతి, పాటించినవాళ్లకు శిక్ష. ఇది న్యాయమేనా?

గోంగూర_77

పిచర్ తండ్రులకు కాస్త పిచ్చి ఉంటుందని మా ఆవిడ ఎప్పుడో చెప్పింది. నేను క్యాచర్ (బ్యాటర్ వెనక గొంతుక్కూర్చుని బంతి పట్టే అమ్మాయి) తండ్రిని, నాకు మోకాళ్ల బాధ ఒక్కటే.

నలభైమూడు అడుగులు

నేను పదకొండేళ్లుగా టెక్సాస్‌లో వారాంతపు మ్యాచ్‌లకు అంపైర్‌గా ఉంటున్నాను. కొన్ని విషయాలు సరిచేయాలి.

మీ అమ్మాయి ఆడినది క్లబ్ టోర్నమెంట్. దానికి ఎన్‌సీఏఏ రూల్ బుక్ వర్తించదు. క్లబ్ మ్యాచ్‌లు నడిపే సంస్థలు అనేకం, ఒక్కోదానికి ఒక్కో పుస్తకం. కళాశాలల నియమం మూడేళ్ల ముందే మారి ఉన్నా ఆ రోజు ఆ అంపైర్ చేయి చాచేవాడే.

ఇక రెండోది. లీప్ వేరు, క్రో హాప్ వేరు. రబ్బర్‌ను ఒకసారి తన్ని గాల్లోకి లేచి విసరడం లీప్, అది ఇప్పుడు చెల్లుతుంది. ముందుకు దూకి, కాలు మళ్లీ ఆనించి, అక్కడి నుంచి రెండోసారి తన్ని విసరడం క్రో హాప్. అది నిన్నా తప్పే, ఇవాళా తప్పే. 24 అంగుళాల వెడల్పు గీతల మధ్యలోనే అడుగు పడాలన్న నియమమూ అలాగే ఉంది. పిచర్లకు ఏదో స్వరాజ్యం వచ్చినట్లు రాయకండి.

నియమాలు మారడం ఈ ఆటకు కొత్త కాదు. ప్లేటు నుంచి, అంటే బ్యాటర్ నిలబడే చోటి నుంచి, పిచర్ దూరం 40 అడుగులు ఉండేది. పరుగులు రాక మ్యాచ్‌లు ఎండిపోతున్నాయని 1988లో కళాశాలలు దాన్ని 43 చేశాయి, హైస్కూళ్లు 2010-11లో చేశాయి. 40 అడుగులకు అలవాటుపడిన పిల్లలు అప్పుడు ఎవరిని అడిగారు?

ఎడమచేతి నాన్న

దూరం పెంచితే అందరికీ ఒకే రోజున పెరిగింది. ఇక్కడ అలా కాదు. నియమం ఉన్నప్పుడే కొందరు దాన్ని తప్పారు, వాళ్లను ఆపలేక నియమాన్నే ఎత్తేశారు. తేడా తెలియడం లేదా?

పైగా పిచర్‌ను మూడడుగులు వెనక్కి జరిపింది బ్యాటర్ కోసమని మీరే అంటున్నారు. ఇప్పుడు ఎగిరి ముందుకొచ్చి విసరమంటున్నారు. వెనక్కి జరిపినదంతా ముందుకు వచ్చేసినట్లే కదా.

నలభైమూడు అడుగులు

అంతా రాదు. లెక్క చూడండి. మంచి కళాశాల పిచర్ గంటకు 70 మైళ్లు విసురుతుందనుకుందాం. అంటే సెకనుకు దాదాపు 103 అడుగులు. కాలు చాచి విసిరేసరికి బంతి ప్లేటుకు 37 అడుగుల దగ్గర చేతిని విడుస్తుంది. బ్యాటర్‌కు దొరికే సమయం 0.36 సెకన్లు. లీప్ వల్ల ఇంకో అర అడుగు ముందుకొచ్చిందనుకున్నా తగ్గేది సెకనులో రెండు వందల వంతు. దానికోసం ఇంత గొడవా?

నియమం మారిన మొదటి సీజన్ 2024లో ఓక్లహోమా సిటీలో కళాశాలల ఛాంపియన్‌షిప్ కప్పు ఎత్తింది ఎవరు? ఓక్లహోమా జట్టే, వరుసగా నాలుగోసారి. పాత నియమంలో 2021, 2022, 2023 కూడా వాళ్లవే. ఏం తలకిందులైంది?

ఎడమచేతి నాన్న

అర అడుగు అని ఎవరు కొలిచారు? మీరా?

నలభైమూడు అడుగులు

నేను "అనుకున్నా" అన్నాను. తెలుగు చదవడం వస్తే కనిపిస్తుంది.

ఎడమచేతి నాన్న

అనుకోవడానికి అర అడుగే ఎందుకు, అడుగున్నర ఎందుకు కాకూడదు? మీకు అనుకూలమైన అంకె మీరే వేసుకుని, మీరే భాగించి, నాకు లెక్కలు చెబుతున్నారు. మా అమ్మాయి వీడియోలు నేను ఒక్కొక్క ఫ్రేము ఆపి చూశాను. కాలు ఈడ్చినప్పుడు, లేపినప్పుడు బంతి విడిచే చోటు తొమ్మిది అంగుళాలు తేడా.

గోంగూర_77

తొమ్మిది అంగుళాలంటే ముప్పావు అడుగు. రాజీకి వచ్చేయండి, ఇద్దరూ పావు అడుగు దూరంలోనే ఉన్నారు.

నలభైమూడు అడుగులు

ముప్పావు అడుగే అనుకోండి. సెకనులో 0.007. ఇంతకీ నాకో సందేహం. మీ కోపం నియమం మారినందుకా, ఆలస్యంగా మారినందుకా? మారకూడదంటారు, ముందే మారి ఉంటే మా అమ్మాయి బాగుపడేదంటారు. రెండూ కలిపి కుదరవు.

ఎడమచేతి నాన్న

కుదురుతాయి.

పాత పీఈటీ

మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. నేను తెలంగాణలో ప్రభుత్వ పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా చేసి విరమించాను. స్కూల్ గేమ్స్‌కు అమ్మాయిల సాఫ్ట్‌బాల్ జట్లను తీసుకెళ్లేవాణ్ణి. మాది మొరం నేల. వెనక కాలు ఈడిస్తే కాన్వాస్ బూటు బొటనవేలి దగ్గర పదిహేను రోజులకే నోరు తెరిచేది. ఇంకో జత కొనమని ఏ తండ్రిని అడగను? "కాలు కాస్త లేపే వెయ్యి తల్లీ" అనేవాణ్ణి. నేను అంపైర్‌గా నిలబడ్డ రోజుల్లో ఎవరి కాలూ చూడలేదు. చూస్తే రెండు జట్లలోనూ పిచర్ మిగలదు. అది తప్పని పుస్తకంలో ఉందని తెలుసు. ఇప్పుడు అమెరికా వాళ్లు మా దారికి వచ్చారన్నమాట!

గోంగూర_77

మాస్టారూ, ఈ చర్చలో మనసుకు పట్టిన మాట ఇదొక్కటే.

డగౌట్ అమ్మ

నాలుగు రోజులుగా చదువుతున్నాను. మీరిద్దరూ బొటనవేలు దాటి రావడం లేదు. కళాశాల సాఫ్ట్‌బాల్‌లో నిజంగా పిల్లల బతుకు మార్చిన నియమం ఏమిటో నేను చెబుతాను.

2025 జూన్‌లో, ఆటగాళ్లు ఎన్‌సీఏఏ మీద వేసిన దావాలో న్యాయమూర్తి క్లాడియా విల్కెన్ ఒక రాజీ ఒప్పందాన్ని ఆమోదించారు. ఆటగాళ్లకు కళాశాలలు నేరుగా డబ్బు ఇవ్వవచ్చన్నది అందులో ప్రధాన విషయం, అందరూ దాని గురించే మాట్లాడారు. దాంతోపాటే, ఒప్పందంలో చేరిన కళాశాలల సాఫ్ట్‌బాల్ జట్టులో 25 మందికి మించకూడదన్నారు. అంతకుముందు జట్టుకు 12 స్కాలర్‌షిప్‌లు ఉండేవి, వాటినే ముక్కలు చేసి పంచేవారు. స్కాలర్‌షిప్ లేకుండా ఆడతామన్న పిల్లలను ఎంతమందినైనా ఉంచుకునేవారు. ఇప్పుడు 25 మందికీ పూర్తిగా ఇవ్వవచ్చు. వినడానికి బాగుంది.

నా కూతురు అలా స్కాలర్‌షిప్ లేకుండా ఉన్న పిల్ల. క్యాచర్. మ్యాచ్‌లలో ఆడింది తక్కువ, పిచర్లు చేయి వేడెక్కించుకోవడానికి విసిరే బంతులు పట్టింది ఎక్కువ. ఉదయం ఐదున్నరకు వెళ్లేది. పాతవాళ్లను లెక్కలోకి తీసుకోకుండా ఉంచుకునే వెసులుబాటు ఆ ఒప్పందంలో ఉంది గానీ, అది కళాశాల ఇష్టం. వాళ్లకు ఇష్టం లేకపోయింది. పది నిమిషాల సమావేశం, అంతే.

నలభైమూడు అడుగులు

అమ్మా, చాలా బాధగా ఉంది. కానీ అది జట్టు పరిమితి, ఆట నియమం కాదు. దానికి వేరే చర్చ పెడితే బాగుంటుంది.

ఎడమచేతి నాన్న

నిజమే. పైగా స్కాలర్‌షిప్ లేకుండా చేరినప్పుడు ఆ ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది కదమ్మా. తెలిసే చేరి ఉంటారు.

డగౌట్ అమ్మ

అన్నయ్యగారూ, మీ అమ్మాయికి అన్యాయం జరిగిందని మీరు ముప్పై మాటలు రాస్తే ముప్పై చదివాను. నా కూతురి గురించి ఒకసారి రాస్తే "తెలిసే చేరి ఉంటారు"! మీ అమ్మాయి కాలు లేచింది, పుస్తకం ప్రకారం అది తప్పు, అంపైర్ ఇల్లీగల్ అన్నాడు. నా కూతురు ఏ తప్పు చేసింది?

ఎడమచేతి నాన్న

తప్పా? సరే, ఇన్నాళ్లూ రాయనిది రాస్తాను.

ఆ మ్యాచ్ వీడియో ఇప్పటికీ నా దగ్గర ఉంది. అవతలి జట్టు పిచర్ రెండు కాళ్లూ నేలకు జానెడు ఎత్తున ఉన్నాయి. ఒక్క పిచ్‌లో కాదు, దాదాపు ప్రతి పిచ్‌లో. అంపైర్ ఒక్కసారి చేయి చాచలేదు. వాళ్లది పేరున్న క్లబ్. వాళ్ల కోచ్ అంపైర్‌ను ముద్దుపేరుతో పిలుస్తున్నాడు. మా అమ్మాయి పేరును మైకులో మూడు ఇన్నింగ్స్‌లో మూడు రకాలుగా పలికారు, నాలుగో ఇన్నింగ్స్‌కు నంబరే చెప్పారు. ఆ మైదానంలో ఆ రోజు కాలు లేపింది ఇద్దరు. తప్పయింది ఒక్కరికి.

అంగుళాలు, సెకన్లు నాకు అక్కర్లేదు. ఆ నియమం అందరికీ ఉందా అన్నదే నా ప్రశ్న. లేదు కాబట్టే ఎత్తేశారు. ఎత్తేసినవాళ్లు ఆ మాట మాత్రం చెప్పరు.

మోడరేటర్

పేర్లు, క్లబ్బుల వివరాలు ఎవరూ రాయవద్దని మనవి. మాట తూలకుండా చర్చించండి.

గోంగూర_77

ఇంతవరకు ఎవరూ తూలలేదండీ. ఇప్పుడే అసలు మాట బయటికి వచ్చింది, మూసేయకండి.

నలభైమూడు అడుగులు

రెండు రోజులు ఏమీ రాయలేదు. రాయాలా వద్దా అని.

టోర్నమెంట్లలో చాలా మ్యాచ్‌లకు అంపైర్ ఒక్కడే ఉంటాడు, ప్లేటు వెనక. 43 అడుగుల అవతల ఒక అమ్మాయి చేయి చక్రంలా తిరుగుతుంటే నా కన్ను చేతి మీద ఉండాలి, బంతి మీద ఉండాలి, బ్యాటర్ మీద ఉండాలి. వెనక కాలు బొటనవేలు అదే క్షణంలో కనిపించదు. ఎవరో చెబితే చూస్తాం. అవతలి కోచ్ "కాలు చూడండి" అని అరుస్తాడు, అప్పుడు చూస్తాం. చూస్తే లేచే ఉంటుంది, ఎందుకంటే గట్టిగా విసిరే పిచర్లలో చాలామందికి లేస్తుంది.

ఎవరి కోచ్ అరిచాడన్న దాన్ని బట్టే ఇల్లీగల్ అనేవాళ్లం. పెద్ద క్లబ్బు పిచర్‌ను ఇల్లీగల్ అంటే మరుసటి నెలలో నాకు వచ్చే మ్యాచ్‌లు తగ్గేవి. ఇది రెండుసార్లు జరిగింది. మూడోసారి జరగనివ్వలేదు. చిన్న జట్టు పిల్లలను ఇల్లీగల్ అన్నాను, చాలామందిని. మీ అమ్మాయి మ్యాచ్‌లో ఉన్నది నేను కాదు, 2021 వేసవిలో నాకు మోకాలికి ఆపరేషన్ అయింది. కానీ అది పెద్ద తేడా కాదని తెలుసు.

ఈ మార్పు వచ్చిన రోజు నాకు హాయిగా అనిపించింది. అందుకే ఇంత గట్టిగా దాని పక్షాన వాదించాను.

ఎడమచేతి నాన్న

అయితే దానివల్ల మేలు జరిగింది మీకన్నమాట.

నలభైమూడు అడుగులు

అవును.

పాత పీఈటీ

నేను ఎవరి కాలూ చూడలేదని గొప్పగా రాసుకున్నాను. అవతలి ఊరి జట్టు ఫైనల్‌కు వచ్చినప్పుడు ఒకసారి చూశాను. ఇప్పుడు గుర్తొచ్చింది.

డగౌట్ అమ్మ

అన్నయ్యగారూ, నిన్న గట్టిగా రాశాను, మనసులో పెట్టుకోకండి. అమ్మాయి ఇప్పుడు ఏం చేస్తోంది?

ఎడమచేతి నాన్న

ఇంజనీరింగ్ చదువుతోంది. ఆడడం లేదు. నేనూ మీ అమ్మాయి గురించి అలా రాసి ఉండకూడదు. మా అమ్మాయి ఆ వసంతంలో హాస్టల్‌కు సామాను సర్దుకుంటుంటే నేనే వెళ్లి చెప్పాను, నియమం మారిందమ్మా అని. "తెలుసు నాన్నా" అంది. అంతకన్నా మాట్లాడలేదు. తనకు కోపం ఉంటే బాగుండేది అనిపించింది. ఉన్నది నాకే.

గోంగూర_77

2025 ఫైనల్స్ మొదటి మ్యాచ్ చూశారా? టెక్సస్ టెక్ పిచర్ నైజారీ కెనడీ కావాలనే వాక్ (నాలుగు బాల్స్‌తో ఉచితంగా మొదటి బేస్) ఇద్దామని బయటికి విసిరిన బంతి సరిపడా బయటికి వెళ్లలేదు, అవతలి టెక్సస్ జట్టు బ్యాటర్ రీస్ ఆట్‌వుడ్ కొట్టేసింది, రెండు పరుగులు. టెక్సస్ 2-1తో గెలిచింది, చివరికి కప్పూ గెలిచింది. కెనడీ పది లక్షల డాలర్ల ఒప్పందం ఉన్న పిచర్. కాలు ఎక్కడుందో ఆ రోజు ఎవరూ అడగలేదు.

కొత్త సభ్యురాలు_హ్యూస్టన్

నమస్కారం. మా పాపకు ఎనిమిదేళ్లు, పిచింగ్ నేర్చుకుంటానంటోంది. తనూ ఎడమచేతి వాటమే. పాత పిచింగ్ మ్యాట్ ఎవరైనా అమ్ముతారా? ఎడమచేతి, కుడిచేతి మ్యాట్లు వేరుగా ఉంటాయా?

నలభైమూడు అడుగులు

వేరుగా ఉండవు. కాలు మాత్రం ఈడ్వడమే నేర్పించండి. తరువాత మానుకోవడం తేలిక. మీ లీగ్‌లో ఏ రూల్ బుక్ వాడతారో ముందే అడగండి.

ఎడమచేతి నాన్న

మా గరాజ్‌లో ఒకటి ఉంది. డబ్బు వద్దు, శనివారం వచ్చి తీసుకెళ్లండి. మధ్య గీతకు ఎడమ పక్కన రెండడుగుల పొడవున అరిగి దారాలు లేచి ఉంటాయి. అక్కడ టేపు వేసుకుంటే సరిపోతుంది.