కేదార్‌కంఠకు డౌన్ జాకెట్ కొనాలా, వద్దా?

మిర్యాలగూడ నుంచి:
డిసెంబరు చివర్లో నలుగురం ఉత్తరాఖండ్ హిమాలయాల్లోని కేదార్‌కంఠ ఎక్కబోతున్నాం. శిఖరం 12,500 అడుగులు, రాత్రిళ్లు సున్నా కంటే కిందికి పోతుంది. మన జిల్లా చలికి ఒక స్వెట్టర్ చాలు కాబట్టి మా దగ్గర అంతకుమించి ఏమీ లేదు. తేలికపాటి డౌన్ జాకెట్ కొనాలని ఇద్దరం, వద్దని ఇద్దరు. కొంటే 550 అని రాసినదా, 800 అని రాసినదా? తిరిగొచ్చాక ఇక్కడ దానితో పని ఉంటుందా?

అచ్చంపేట నుంచి:
కొనవద్దు తమ్ముడూ. డౌన్ అంటే బాతుల ఈకల కింద ఉండే మెత్తని నూగు. పొడిగా ఉన్నంతసేపే దాని వెచ్చదనం, తడిస్తే ముద్దయిపోతుంది. సింథటిక్ దూది నింపిన జాకెట్ తడిసినా కొంత కాపాడుతుంది, ధర కూడా తక్కువ. చలికాలం తెల్లవారుజామున ఫరహాబాద్ వైపు వెళ్లినప్పుడు ఆకుల మీది మంచుకే నా చొక్కా తడిసిపోతుంది. నల్లమలలో ఫ్లీసు, అంటే ఉన్నిలా మెత్తగా ఉండే సింథటిక్ బట్టతో కుట్టిన స్వెట్టర్, పైన గాలి ఆపే పలుచని కోటు ఉంటే చాలు.

నల్లగొండ నుంచి:
అన్నా, తడి గురించి మీరు చెప్పింది నిజం. నా జాకెట్ తడిసింది మాత్రం నా చెమటకే. మొదటిసారి హిమాలయాలకు వెళ్లినప్పుడు దాన్ని వేసుకునే ఎక్కాను. చినుకు పడలేదు, మంచు కురవలేదు. సాయంత్రం విప్పి చూస్తే వీపు మీద, బ్యాగు ఆనిన చోట నూగంతా ఉండలు కట్టింది. ఎండకు ఎత్తి పట్టుకుంటే నూగు నింపిన కుట్టు గడుల్లోంచి వెలుతురు కనబడింది. ఆ రాత్రి వణుకుతూనే గడిపాను. ఇంటికి వచ్చాక ఫ్యాను కింద పరిచి, రెండు రోజులు ఒక్కో ఉండనూ వేళ్లతో విడదీశాను.

అందుకే నడిచేటప్పుడు ఒంటికి అంటిన బనియను, దాని మీద ఫ్లీసు. డౌన్ బ్యాగులో ఉండాలి. ఆగిన వెంటనే, ఒళ్లు చల్లబడకముందే తీసి వేసుకోవాలి.

ఇక ఆ అంకెల సంగతి. 800 అంటే సుమారు 28 గ్రాముల నూగు విప్పారి 800 ఘనపు అంగుళాల చోటు నింపుతుందని. అంటే 13 లీటర్లు, ఒక నీళ్ల బిందెడు. 550 రకమైతే 9 లీటర్లు. దుకాణంలో ఈ అంకె ఒక్కటే చూపిస్తారు. ఎన్ని గ్రాములు నింపారో మీరే అడగాలి. 800 రకం 60 గ్రాములు నింపితే 28 లీటర్లు, 550 రకం 110 గ్రాములు నింపితే 35 లీటర్లు. 50 గ్రాములు ఎక్కువ మోసినా ఆ రెండోదే వెచ్చన. డబ్బు లెక్క చూసుకునేవారికి నేను అదే చెబుతాను.

మహబూబ్‌నగర్ నుంచి:
ఒక్క ప్రయాణానికి అంత ఖర్చు ఎందుకు? నడక మొదలయ్యే ఊరు సంక్రీలో అద్దెకు దొరుకుతాయి. కాకపోతే చేతుల్లో నలిపి, వదిలాక తిరిగి పొంగుతోందో లేదో చూసి తీసుకోండి. నేను కొన్నదాన్ని సంచిలో కుక్కి ఏడాదంతా బీరువాలో ఉంచాను. మళ్లీ తీసేసరికి పాత దిండులా అణిగిపోయి ఉంది. కొంటే హ్యాంగరుకు వదులుగా వేలాడదీయండి.

అచ్చంపేట నుంచి:
ఆగినప్పుడు మాత్రమే వేసుకుంటారంటే పైకి డౌన్ తీసుకెళ్లండి, ఒప్పుకుంటాను. మన అడవుల్లో మాత్రం దానితో పని లేదు.

నల్లగొండ నుంచి:
అది నేనూ ఒప్పుకుంటాను. బయలుదేరేముందు ఒకరోజు తెల్లవారుజామున బ్యాగు బరువుతో భువనగిరి గుట్ట ఎక్కండి. 2014లో ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ సాధన మొదలైంది ఆ బండ మీదే. ఏ పొర వేసుకుంటే ఎంతసేపటికి చెమట పడుతుందో అక్కడే తెలిసిపోతుంది.

మిర్యాలగూడ నుంచి:
ఇద్దరం 550 రకమే కొంటాం, గ్రాములు అడిగి. మిగతా ఇద్దరు అద్దెకు తీసుకుంటారు. ఈ ఆదివారం నలుగురం భువనగిరిలో ఉంటాం.