అప్‌డేట్: ఎవరెస్ట్ అధిరోహణ 1953 మే 29నా, జూన్ 2నా? సందేహం తీరింది

1953 నాటి ప్రపంచ ఘటనల పట్టిక తయారుచేస్తూ, ఎవరెస్ట్ అధిరోహణకు ఒకచోట మే 29, మరోచోట జూన్ 2 అని ఎందుకు కనిపిస్తున్నదని నేనిక్కడ అడిగాను. సమాధానమిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

పాత పత్రికలు చూడమన్న సలహాయే దారి చూపింది. హిల్లరీ, టెన్జింగ్ శిఖరం చేరినది మే 29 ఉదయమే. జూన్ 2 ఆ వార్త లండన్‌లో అచ్చయిన రోజు. యాత్ర వెంట ఉన్న 'ది టైమ్స్' విలేఖరి జేమ్స్ మోరిస్, మంచు పరిస్థితులు బాగా లేవన్న అర్థం వచ్చే సంకేత సందేశాన్ని వార్తాహరుడి చేత నామ్చే బజార్‌కు పంపగా, అక్కడి రేడియో ద్వారా అది కాఠ్మాండూకు, అటుపై లండన్‌కు చేరి, సరిగ్గా రెండవ ఎలిజబెత్ పట్టాభిషేకం నాటి ఉదయం వెలువడింది. విజయవార్తను అపజయంలా ధ్వనించే మాటల్లో దాచిన ఆ నేర్పు నన్నెంతో ఆకట్టుకుంది.

కాలమండలాల తేడా కావచ్చన్న నా అనుమానానికి దీనితో సంబంధమే లేదు. అలాగే స్టాలిన్, సంగీతకర్త ప్రొకోఫియెవ్ ఇద్దరికీ మార్చి 5 అని ఉండటం అచ్చుతప్పు కాదు. ఇద్దరూ ఆనాడే మరణించారు.

కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన అక్టోబరు 1 విషయంలో మొదటినుంచీ ఏ సందేహమూ లేదు. పట్టికలో ఇప్పుడు అధిరోహణకు మే 29, వార్తకు జూన్ 2 అని విడివిడిగా రాశాను.