ఒకే తువ్వాలు, 14 ముక్కులు

మదనపల్లె అమ్మాయి, మారతహళ్ళి (బెంగళూరు):
ఇంటి కింది పోర్షన్లో డేకేర్ నడుపుతున్నా. 14 మంది, అందరూ నాలుగేళ్ళ లోపు వాళ్ళే. 20 లెక్కపెట్టేదాకా చేతులు రుద్దాలని నేర్పించా. తెలుగూ కన్నడం కలిపి లెక్కపెడుతూ పదకొండు నుంచి నేరుగా ఇరవైకి దూకేస్తారు దొంగ వెధవలు! వాళ్ళతో పర్లేదు, తంటా అంతా ఆయాతోనే. కదిరి వైపు మనిషి, పిల్లలంటే ప్రాణం. కానీ నడుముకి చెక్కుకున్న తువ్వాలుతో ఒకడి ముక్కు తుడిచి, దాంతోనే ఇంకొకడి మూతి తుడుస్తుంది. చెప్తే "మేం పిల్లల్ని సాకలేదామ్మా?" అంటుంది. పోయిన నెల ఐదుగురికి హ్యాండ్ ఫుట్ మౌత్ (చేతులకీ కాళ్ళకీ నోట్లో పొక్కులొచ్చే అంటువ్యాధి) వచ్చి వారం మూసేశా. ఆమె మనసు నొచ్చుకోకుండా ఎలా నేర్పాలి?

పాత అంగన్‌వాడీ టీచరు:
చెప్పొద్దమ్మాయ్, చూపించు. తడి చేతులకి చిటికెడు పసుపు పూసి, సబ్బుతో రుద్దమను. సబ్బు తగిలినచోట ఎర్రబడుతుంది. పచ్చగా మిగిలిందంటే అక్కడ సబ్బు తగల్లేదన్నమాట. ఎక్కువగా బొటనవేలి మొదలూ, వేళ్ళ సందులూ. ఆమె ఒక్కదానికే పెడితే పరీక్షలా ఉంటుంది, నువ్వూ కూర్చో. పాత బట్టలు కట్టుకోండి. తువ్వాలు సంగతంటావా, పాత నూలు చీర జానెడు ముక్కలు చెయ్యి. ముక్కుకొక ముక్క, వాడింది మూత బకెట్లోకి.

నైట్ డ్యూటీ నర్సు:
పొక్కులు మానినా ఆ వైరస్ వారాల తరబడి మలంలో పోతూనే ఉంటుంది. కాబట్టి డైపర్ మార్చిన ప్రతిసారీ సబ్బూ నీళ్ళే, శానిటైజర్ రాసి సరిపెట్టొద్దు. మార్చే షీటు ముందు సబ్బుతో కడిగి, తర్వాత బ్లీచ్ నీళ్ళతో తుడవండి. 5 శాతం బ్లీచ్ ద్రావణమైతే లీటరు నీళ్ళకి 20 మి.లీ., ఏ రోజుకారోజు కలుపుకోవాలి. టాయిలెట్ యాసిడ్‌తో మాత్రం కలపకండి, విషవాయువు వస్తుంది.

ఇద్దరు పిల్లల నాన్న:
2024 ఎండాకాలం బోర్లు ఎండినప్పుడు మావాడి డేకేర్లో ఒక టబ్బు పెట్టి అందరి చేతులూ అందులోనే ముంచారు. దానికన్నా కడక్కపోవడమే నయం! నీళ్ళకి ఇబ్బందైతే కుళాయి ఉన్న క్యాన్ పెట్టండి, సన్నధారైనా చాలు.

మదనపల్లె అమ్మాయి:
పిన్నిగారూ, నిన్న చేశాం. ఆమెకి వేళ్ళ సందుల్లోనే కొంచెం. నాకు రెండు బొటనవేళ్ళూ పచ్చగానే! "మళ్ళీ కడుక్కోపోమ్మా" అని ఒకటే నవ్వు. ఇప్పుడు చీర ముక్కలు తనే కత్తిరిస్తోంది. పాత బట్టలన్నారు కదా, ఆ మాట మర్చిపోయా. కొత్త నైటీ పోయింది.