అప్‌డేట్: కంపెనీకి పేరు దొరికింది, కానీ ముందు అనుకున్నది కాదు

పూతరేకుల వ్యాపారానికి ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ పెడుతున్నాం, అనుకున్న పేరు ఖాళీగా ఉందో లేదో ఎలా చూడాలని పోయిన నెల ఆత్రేయపురం నుంచి అడిగాను కదండీ.

మీరు చెప్పినట్టే ముందు కార్పొరేట్ వ్యవహారాల శాఖ సైట్‌లో వెతికాను. అచ్చంగా మా పేరు లేదు. హమ్మయ్య అనుకున్నా. తీరా చూస్తే మా ‘రుచులు’ ఉన్నచోట ‘రుచి’ అని పెట్టుకున్న కంపెనీ ఒకటి కనబడింది. ఏకవచనం, బహువచనం తేడా ఉంటే సరిపోదట. మా బావ తొందరపడి బోర్డు కూడా రాయించేశాడు!

ట్రేడ్‌మార్క్, అంటే బ్రాండ్ పేరు మీద హక్కు, వేరే చోట చూడాలి. అక్కడ సరుకుల్ని క్లాసులుగా విడదీశారు, స్వీట్లు 30వ క్లాసు. మేం అనుకున్న రెండో పేరు అక్కడ ముందే ఎవరిదో అయి ఉండటంతో పోయింది. పోనీ ‘ఆత్రేయపురం పూతరేకులు’ అనే పెట్టేద్దామంటే దానికి 2023లో జీఐ ట్యాగ్ (ఆ ఊరి సరుకుగా ఇచ్చే గుర్తింపు) వచ్చింది, మన ఒక్కరి సొంతం ఎలా అవుతుంది?

చివరికి నాయనమ్మ పేరు కలిపి కొత్తది అనుకున్నాం. కంపెనీ రిజిస్ట్రేషన్‌కి ఆన్‌లైన్‌లో వేసే స్పైస్ ప్లస్ ఫారంలో, పేరు కోసం ఉన్న పార్ట్ ‘ఎ’లో రెండు పేర్లు ఇచ్చి 1,000 రూపాయలు కట్టాం. మొదటిదే ఓకే అయింది. పొడిగించుకోకపోతే అది మన పేరున ఉండేది 20 రోజులే, ఈలోగా కంపెనీ రిజిస్ట్రేషన్ కోసం పార్ట్ ‘బి’ వేయాలి. రావులపాలెంలో మా ఆడిటర్ గారేమో కూతురి పెళ్లి పనుల్లో ఉన్నారు. ఇప్పుడు అదే టెన్షన్.